కెమెరా లోపల వజ్రాలు లేవు: గోరో యోషిదా జీవితం

గడియారం, రిమోట్, ఆట కారు... ఏది చేతికి దొరికినా స్క్రూడ్రైవర్‌తో విప్పేసే పిల్లలు ప్రతి క్లాసులో ఒకరిద్దరు ఉంటారు. విప్పినంత తేలికగా మళ్లీ బిగించడం రాక ఇంట్లో చీవాట్లు తింటుంటారు. అలాంటి పిల్లవాడే గోరో యోషిదా. ఈ రోజు మన ఇళ్లలో, ఆఫీసుల్లో కనిపించే కెనాన్ కెమెరాలకు, ప్రింటర్లకు మూలం ఆయన మొదలుపెట్టిన పనిలోనే ఉంది. పాత జపాన్ కెమెరాలు సేకరించేవాళ్లకు ఆయన పేరు బాగా తెలుసు.

యోషిదా 1900లో జపాన్‌లోని హిరోషిమా ప్రాంతంలో, ఫుకుయామా అనే ఊళ్లో పుట్టారు. చిన్నప్పటి నుంచీ కెమెరా అంటే ప్రాణం. దాన్ని విప్పడం, మళ్లీ కూర్చడం ఆయనకు ఆటగా ఉండేది. చదువు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. టోక్యో వెళ్లి సినిమా కెమెరాలు బాగుచేసే పనిలో చేరారు. అప్పుడప్పుడే ఎదుగుతున్న జపాన్ సినిమా రంగానికి అలాంటి చేతులు చాలా అవసరం.

ప్రొజెక్టర్ విడిభాగాలు కొనడానికి 1920లలో ఆయన తరచూ షాంఘై వెళ్లేవారు. అక్కడ పరిచయమైన ఒక అమెరికన్ వ్యాపారి ఆయన్ని ఆశ్చర్యంగా అడిగాడట: యుద్ధనౌకలు కట్టగలిగిన దేశానికి కెమెరా చేయడం ఒక లెక్కా, ఇంత దూరం వచ్చి కొనుక్కోవడం ఎందుకని. ఆ మాట యోషిదా మనసులో నాటుకుపోయింది.

ఆ రోజుల్లో 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరాల్లో జర్మనీ వారి లైకాదే రాజ్యం. జపాన్‌లో దాని ధర 420 యెన్లు. మంచి బ్యాంకులో కొత్తగా చేరిన ఉద్యోగి జీతం నెలకు 70 యెన్లు. అంటే ఒక్క కెమెరాకు ఆరు నెలల జీతం! యోషిదా అలాంటి లైకా ఒకటి సంపాదించి, ఏ స్క్రూ ఎక్కడిదో చూసుకుంటూ మొత్తం విప్పేశారు. లోపల వజ్రాలేమీ లేవు. ఇత్తడి, అల్యూమినియం, ఇనుము, రబ్బరు, అంతే. ఇంత మామూలు సరుకును ఒకచోట కూర్చితే అంత ధర ఎలా పలుకుతుందని ఆశ్చర్యపోయానని, కోపం కూడా వచ్చిందని ఆయన తరువాత చెప్పుకున్నారు.

ఆ కోపంలోంచే ఒక పని పుట్టింది. 1933 నవంబరులో టోక్యోలోని రొప్పొంగి ప్రాంతంలో, ఒక భవనంలోని చిన్న గదిలో, బావమరిది వరసైన సబురో ఉచిదాతో కలిసి యోషిదా ఒక ప్రయోగశాల తెరిచారు. ఉచిదా స్నేహితుడు, ప్రసూతి వైద్యుడు తకేషి మితరాయి డబ్బు సాయం చేశారు. యోషిదా కన్నోన్ దేవత భక్తుడు. కన్నోన్ అంటే మన బౌద్ధంలోని అవలోకితేశ్వరుడే. అందుకని కెమెరాకు క్వానన్ అని, లెన్సుకు బుద్ధుడి శిష్యుడైన మహాకాశ్యపుడి పేరు మీద కశ్యప అని పేర్లు పెట్టారు. మన నేల మీద పుట్టిన పేర్లు చైనా, జపాన్‌ల మీదుగా తిరిగి ఒక కెమెరా మీదికి ఎక్కాయన్నమాట. 1934 జూన్‌లో ఒక ఫోటో పత్రికలో క్వానన్ ప్రకటన కూడా వచ్చింది. కానీ ఆ కెమెరా దుకాణం దాకా రాలేదు.

ఇక్కడే తల్లిదండ్రులుగా మనం కాస్త ఆగి గమనించాల్సిన విషయం ఉంది. ఒక వస్తువును విప్పి అర్థం చేసుకోవడం ఒక పని. అదే వస్తువును వందల సంఖ్యలో, అన్నీ ఒకేలా పనిచేసేలా తయారు చేయడం వేరే పని. లెన్సు గాజును లెక్క ప్రకారం సాన పట్టాలి. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. దానికి గణితం, భౌతికశాస్త్రం చదివిన మనుషులు కావాలి. 1934 శరదృతువులోనే యోషిదా ఆ సంస్థ నుంచి బయటికి వెళ్లిపోయారు.

మిగిలినవారు నిప్పన్ కొగాకు కంపెనీ సాయం కోరారు. నేటి నికాన్ అదే. లెన్సు, రేంజ్‌ఫైండర్‌కు కావలసిన గాజు పని వాళ్లు చేసిచ్చారు. లైకా పేటెంట్లు అడ్డు రాకుండా, వ్యూఫైండర్‌ను నొక్కితే పైకి లేచే డబ్బాలా మార్చారు. అలా 1936లో హన్సా కెనాన్ 275 యెన్ల ధరకు మార్కెట్లోకి వచ్చింది. తరువాతి కాలంలో పోటీదారులైన రెండు పేర్లు, కెనాన్, నికాన్, ఆ ఒక్క కెమెరాలో కలిసి ఉన్నాయి. నేడు సేకరణదారులు దాని కోసం వెతకడానికి ఇదొక కారణం. 1937లో ప్రయోగశాల కంపెనీగా మారింది. 1942లో డాక్టర్ మితరాయి అధ్యక్షుడయ్యారు. 1947లో కంపెనీ పేరే కెనాన్ కెమెరా అయింది. యోషిదా 1993 వరకు జీవించారు. తాను వదిలి వచ్చిన చిన్న గది ప్రపంచమంతా విస్తరించడం కళ్లారా చూశారు.

ఆయన చదువు ఆపేశారు కాబట్టే గొప్పవారయ్యారని అనుకుంటే పొరపాటు. ఆయన కుతూహలం తలుపు తెరిచింది, చదువుకున్నవారి నైపుణ్యం ఆ పనిని పూర్తి చేసింది. మన పిల్లలకు రెండూ కావాలి. మార్కుల పేరుతో మొదటిదాన్ని తుంచేస్తే, రెండోదానితో ఏం చేయాలో పిల్లలకు తెలియకుండా పోతుంది.

మీ ఇంటి బీరువాలో పాత యాషికా ఫిల్మ్ కెమెరా ఏదైనా పడి ఉందేమో చూడండి. మన తేమకు లెన్సు మీద సాలెగూడులా బూజు పట్టి ఉండవచ్చు, లోపలి గ్రీజు గట్టిపడి షట్టర్ కదలకపోవచ్చు. పిల్లలతో కలిసి వెనక మూత తెరిచి, ఫిల్మ్ ఎక్కడ కూర్చుంటుందో, షట్టర్ ఎలా తెరుచుకుంటుందో చూపించండి. పూర్తిగా విప్పాలనుకుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. విప్పిన ప్రతి దశనూ ఫోన్‌లో ఫోటో తీసుకుని, స్క్రూలను కోడిగుడ్ల ట్రేలో వరసగా పెట్టుకోవాలి. ఫ్లాష్ ఉన్న కెమెరాను మాత్రం పిల్లల చేత విప్పించకండి. బ్యాటరీ తీసేసినా దాని కెపాసిటర్‌లో గట్టి షాక్ కొట్టేంత కరెంటు నిల్వ ఉంటుంది. శుభ్రం చేసిన కెమెరాను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడితే, లెన్సు మీద బూజు చేరే అవకాశం తగ్గుతుంది.