పోషణలోపమునకు కారణము వెదకిన యల్లాప్రగడ

కడుపు నిండుట వేరు, దేహము పోషింపబడుట వేరు. ఈ భేదమును సోదరుల మరణమునందే చూచిన ఆంధ్రుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తల్లి వెంకమ్మగారి పట్టుదలవలన చదువు సాగెను. యౌవనమున కొద్ది దినముల వ్యవధిలోనే ఇరువురు సోదరులను స్ప్రూ అను వ్యాధి బలిగొన్నది. ఈ వ్యాధియందు ప్రేగులు ఆహారసారమును గ్రహింపజాలవు. అన్నము తినుచున్నను రోగి విరేచనములతో, రక్తహీనతతో కృశించిపోవును. నాటి వైద్యమున దీనికి తగిన మందు లేకుండెను.

మదరాసు వైద్య కళాశాలలో చదువుచుండగా సుబ్బారావుగారు ఖద్దరు ధరించి ఆంగ్లాచార్యుని ఆగ్రహమునకు గురియైరి; ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. 1922లో బోస్టన్ చేరి, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు హార్వర్డులో విద్య నభ్యసించిరి. 1925లో ఫిస్కేతో కలసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి.

అంతకు పూర్వమే, 1930 ప్రాంతమున, బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు పేద గర్భిణులకు వచ్చు ఒకవిధమగు రక్తహీనత ఆహారలోపమువలన కలుగుచున్నదని గ్రహించి, ఈస్టు సారముతో నయము చేసెను. ఆ సారములో పనిచేయు పదార్థమేదియో తెలియదయ్యెను. ఈస్టునందును కాలేయమునందును దాగియున్న ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లము. 1945లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దానిని కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ రోగుల రక్తము దానితో తేరుకొనెను. వెదకిన మందు చేతికందిన మూడేండ్లకు, 1948 ఆగస్టులో, న్యూయార్కులో వారు కన్నుమూసిరి.

నేడు మార్కాపురము, గిద్దలూరు పల్లెల బడులలో పిల్లలకిచ్చు ఇనుము మాత్రలందు ఈ ఆమ్లము కూడ కలదు. ఆకుకూరలు, పప్పుధాన్యములు దీనికి సహజమైన నిలయములు. కూర ఉడికిన నీరు పారబోసినచో చాలభాగము నష్టమగును. అయితే ప్రతి రక్తహీనతకును ఇదియే మందు కాదు. ఇనుము చాలకపోవుట, కొంకిపురుగులు, బి12 విటమిను లోపము, మానని విరేచనములు కూడ కారణములు కావచ్చును. పాలిపోయిన పిల్లవాని మొగము చూచినపుడు, మాత్ర ఇచ్చుటతో ఆగక, కారణమేమని విచారించుటయే సుబ్బారావుగారి జీవితము నేర్పు పాఠము.