విలియం కేరీ: మంటల్లో మిగిలిన అక్షరాలు

బాసరలో అక్షరాభ్యాసం చేసే పిల్లలు పలక మీద అక్షరాన్ని ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా దిద్దుతారు. అచ్చు అక్షరానికి ఒకప్పుడు ఆ స్వేచ్ఛ లేదు. విలియం కేరీ జీవితం చదివితే నాకు అది బాగా తెలిసింది.

1761లో ఇంగ్లండ్‌లో పుట్టిన కేరీ చెప్పులు కుట్టి బతికాడు. చెప్పులు కుడుతూనే భాషలు నేర్చాడు. 1793లో మతప్రచారకుడిగా బెంగాల్ వచ్చి, 1800లో మిత్రులతో కలిసి సేరంపూర్‌లో ప్రెస్ పెట్టాడు. అక్కడ పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ ఉక్కు కడ్డీల కొసన అక్షరాలు చెక్కేవాళ్లు. ఆ కడ్డీని రాగి మీద కొట్టి అచ్చు తీసి, అందులో సీసం పోయాలి. సైజు మారిందంటే మళ్లీ మొదటి నుంచి చెక్కుడే! మన గుణింతాలు, వత్తులు లెక్కేసుకోండి.

1812 మార్చి 11 రాత్రి ప్రెస్ తగలబడింది. 14 భాషల టైపు, కేరీ ఏళ్ల తరబడి రాసుకున్న రాతప్రతులు పోయాయి. ఉక్కు కడ్డీలు, రాగి అచ్చులు మాత్రం బూడిదలో దొరికాయి. కరిగిపోయిన సీసంతోనే మళ్లీ పోత మొదలైంది. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం అక్కడే అచ్చయింది. 1834లో ఆయన సేరంపూర్‌లోనే కన్నుమూశాడు.

ఇప్పుడు నేను లేటెక్‌లో 11 పాయింట్లన్నా, 37.5 అన్నా ఒకే ఫాంట్ ఫైల్ ఇచ్చేస్తుంది. అందులో అక్షరం వంపుల లెక్కగా ఉంటుంది, గుణిస్తే చాలు. కానీ బాగా చిన్న సైజులో వత్తుల సందులు మూసుకుపోతాయి. చేత్తో చెక్కేవాళ్లు సైజును బట్టి ఆ సందు వెడల్పు చేయగలిగేవాళ్లు. గుణకారానికి ఆ కన్ను లేదు. కాబట్టి పేజీ పంపే ముందు వత్తులు ఒకసారి మనమే చూడాలె.