ఏఎస్ రావు నగర్... ఆ పేరు ఎవరిది?

ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ వైపు నుంచి హైటెక్ సిటీకి ఎప్పుడైనా ఇంటర్వ్యూకి వెళ్లారా? అయితే ఏఎస్ రావు నగర్ బోర్డు చూసే ఉంటారు. ఫైల్లో సర్టిఫికెట్లు సరిచూసుకునే హడావుడిలో ఆ రావు ఎవరన్నది ఎవరికి పడుతుంది? కానీ ఉద్యోగం వెతుక్కునే రోజుల్లోనే తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. భీమవరం దగ్గరి మోగల్లులో 1914లో పుట్టారు. బెనారస్ హిందూ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొన్నేళ్లు పాఠాలు చెప్పారు. 1946లో టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లేసరికి ఆయనకు ముప్ఫై దాటాయి. రెండేళ్ల గ్యాప్ వస్తేనే అంతా అయిపోయిందని కంగారుపడుతున్నారా? ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి.

కొనడమా... చేయడమా?

తిరిగొచ్చాక హోమీ భాభా బృందంలో చేరారు. అణు పరిశోధన మొదలవుతున్న రోజులవి. రేడియేషన్ కొలిచే పరికరం కావాలన్నా విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే. రావు బృందం వాటిని ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టింది. 1956 ఆగస్టులో దేశపు తొలి రియాక్టర్ అప్సర పనిచేయడం మొదలైంది. దాని ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. కానీ రియాక్టర్‌ను అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్స్ మాత్రం రావు బృందం సొంతంగా చేసిందే.

1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా చనిపోయారు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టే బాధ్యత రావు మీద పడింది. ల్యాబ్‌లో ఒక పరికరం చేయడం వేరు, ఫ్యాక్టరీలో వందల కొద్దీ చేసి అమ్మడం వేరు. యాభై దాటాక ఆయన ఆ రెండో పని నేర్చుకున్నారు.

1969లో ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. డిజైన్ ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రానిది, తయారీ మన హైదరాబాద్‌ది. దాని మెమరీ 12 బిట్ల పదాలు నాలుగు వేలు. ఇప్పటి లెక్కలో దాదాపు 6 కేబీ. మీ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు!

నిజం చెప్పాలంటే అది ప్రపంచంలో మేటి యంత్రమేమీ కాదు. 12 బిట్ల పీడీపీ-8 అమెరికాలో 1965లోనే వచ్చేసింది. మరి ఆ శ్రమంతా వృథానా? కాదు. కంప్యూటర్‌ను లోపలి నుంచి తెలిసిన మనుషులు హైదరాబాద్‌లో తయారయ్యారు. కొని తెచ్చుకుంటే యంత్రం వస్తుంది, ఆ తెలివిడి రాదు.

నాలుగు పాత సిస్టమ్‌లు చాలు

ఆ దారి ఇప్పుడు మీకూ ఉంది. 1980ల చివర్లో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ అనురాగ్, మామూలు ప్రాసెసర్లను కలిపి 'పేస్' అనే ప్యారలల్ కంప్యూటర్ తయారుచేసింది. 1994లో నాసాలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ బజారులో దొరికే 486 ప్రాసెసర్లు పదహారింటిని ఈథర్‌నెట్‌తో కలిపారు. దాని పేరు బేవుల్ఫ్. ఇళ్లలో కట్టే క్లస్టర్లకు దారి చూపించింది అదే.

మీ రూమ్మేట్ల దగ్గర మూలనపడ్డ సిస్టమ్‌లు ఉంటే సరే. లేకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో సెకండ్ హ్యాండ్‌వి వెతకండి. ఒక స్విచ్, నాలుగు ల్యాన్ కేబుళ్లు కావాలి. అన్నిటిలో లైనక్స్ వేయండి. పాస్‌వర్డ్ అడగకుండా ఒకదాన్నుంచి మరోదాంట్లోకి వెళ్లేలా ఎస్‌ఎస్‌హెచ్ కీలు పెట్టండి. ఆపైన ఎంపీఐ ఇన్‌స్టాల్ చేసి, కోటి లోపు ప్రధాన సంఖ్యలు ఎన్నో లెక్కపెట్టమనండి.

అంకెలను నాలుగు సమాన భాగాలు చేశారనుకోండి. పెద్ద అంకెలు పడ్డ సిస్టమ్ ఇంకా లెక్కపెడుతూనే ఉంటుంది, మిగతా మూడూ ఖాళీగా కూర్చుంటాయి. పని పంచడమే అసలు చిక్కని అప్పుడు తెలుస్తుంది. పైగా నాలుగు కలిపితే నాలుగింతల వేగం రాదు. పనిలో పదో వంతు పంచలేనిదైతే వచ్చేది దాదాపు మూడింతలే. దీన్నే ఆమ్‌డాల్ సూత్రం అంటారు. ఈసీఐఎల్ పుట్టిన 1967లోనే జీన్ ఆమ్‌డాల్ ఈ వాదన ముందుకు తెచ్చారు.

ఒక కొత్త ల్యాప్‌టాప్ మీ క్లస్టర్‌ను ఓడించొచ్చు, కరెంటూ తక్కువే తినొచ్చు. ఫర్వాలేదు. టీడీసీ-12 కూడా పందెం గెలవడానికి పుట్టలేదు.

రావు 2003 అక్టోబర్‌లో కన్నుమూశారు. అప్పటికి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ మొదలై అయిదేళ్లు. రేపు అక్కడ ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ గురించి అడిగితే, కొనుక్కున్న ప్రాజెక్ట్ పేరు చెప్పి తడబడకండి. మూడో సిస్టమ్ ఎందుకు ఆగిపోయింది, ఎలా కనిపెట్టారు, మళ్లీ ఎలా నడిపించారు... అది చెప్పండి. తర్వాత ఎన్ని ప్రశ్నలు వేసినా జవాబు మీ దగ్గరే ఉంటుంది.