పిడికిలి మాస్టారు

పిడికిలి బిగించడం ఎవరికి రాదు అనుకుంటాం. ఇది చదువుతూనే ఒకసారి బిగించి చూడండి. బొటనవేలు మిగతా వేళ్ల లోపల ఇరుక్కుని ఉందా? అయితే గట్టిగా గుద్దితే ముందు విరిగేది అదే. కరాటేలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. నాలుగు వేళ్లనీ చివర్ల నుంచి చాప చుట్టినట్టు గట్టిగా మడవాలి. బొటనవేలిని బయటి నుంచి చూపుడువేలు, మధ్యవేలు మీదకి అడ్డంగా తెచ్చి నొక్కాలి. మణికట్టు వంగకూడదు. అవతల తగలాల్సింది ఆ రెండు వేళ్ల మెటికలే.

ఈ పాఠాన్ని జపాన్ కాలేజీల దాకా తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఫునకోషి గిచిన్.

ఆయన 1868లో ఒకినావా దీవిలోని షురిలో పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన బక్కపిల్లాడు. ఎక్కువ కాలం బతకడనే ఇంట్లోవాళ్లు అనుకున్నారట. అప్పట్లో ఒకినావాలో కరాటే గుట్టుగా నేర్చుకునే విద్య. అజాతో అనే గురువు ఇంటి పెరట్లో, రాత్రిపూట, ఒకే కటాని నెలల తరబడి చేయించేవారు. ఇతోసు అనే ఇంకో గురువు దగ్గర టెక్కి అనే మూడు కటాలు నేర్చుకోడానికే పదేళ్లు పట్టింది. మనకైతే ఒక సెమిస్టర్ సిలబస్సే ఎక్కువ అనిపిస్తుంది! గడ్డి చుట్టిన మకివర కర్రని రోజూ గుద్దడం ఆ సాధనలో భాగం. అలా చేస్తూ చేస్తూ బక్కపిల్లాడు గట్టిపడ్డాడు. పగలు మాత్రం ఆయన స్కూల్ టీచర్.

1922లో కరాటే ప్రదర్శన ఇవ్వడానికి టోక్యో వెళ్లాడు. జూడో స్థాపకుడు కానో జిగోరో తన కోడోకాన్‌కి పిలిచి చేయించుకుని చూశాడు. వెంటనే తిరిగొచ్చేయాల్సినవాడు అక్కడే ఉండిపోయాడు. అప్పటికి వయసు 53. భార్యాపిల్లలు ఊళ్లోనే ఉన్నారు. చేతిలో డబ్బు లేదు. ఒకినావా విద్యార్థుల హాస్టల్లో ఓ చిన్న గదిలో ఉంటూ గదులు ఊడ్చాడు, తోటపని చేశాడు, కాపలా కాశాడు. బట్టలు తాకట్టు పెట్టిన రోజులూ ఉన్నాయి. హాస్టల్లో మన గదులు ఊడ్చే పెద్దాయన సాయంత్రం కాగానే మనకే గురువు అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1924లో కేయో యూనివర్సిటీలో కరాటే క్లబ్ మొదలైంది. తర్వాత ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో క్లబ్. అంటే జపాన్‌లో కరాటే పెరిగింది మనలాంటి స్టూడెంట్ల మధ్యే. కరాటే అనే మాటని అప్పటిదాకా చైనా చెయ్యి అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. పలుకు మార్చకుండా, ఖాళీ చెయ్యి అనే అర్థం వచ్చే అక్షరాలతో రాయడాన్ని ఆయన గట్టిగా ప్రచారం చేశాడు. కవితలకి పెట్టుకున్న కలంపేరు షోతో. శిష్యులు 1930లలో కట్టించిన డోజోకి ఆ పేరు మీదే షోతోకాన్ అని పెట్టారు. 1945 బాంబు దాడుల్లో అది నేలమట్టమైంది. అదే ఏడాది కరాటేలో తన కుడిభుజంగా ఉన్న కొడుకు గిగో చనిపోయాడు. 1947లో భార్యా పోయింది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్న ఒక చిన్న సంగతి. యుద్ధం అయ్యాక, ముసలితనంలో, ఒక రాత్రి దారిలో ఓ దొంగ మీద పడబోయాడు. ఈయన వంగి తప్పించుకుని, వాణ్ణి ఒడిసి పట్టి పోలీసుకి అప్పజెప్పాడు. మనమైతే పదిమందికి చెప్పుకుని మురిసిపోతాం. ఆయన సిగ్గుపడ్డాడు. వాడు యుద్ధం నుంచి తిరిగొచ్చి, దిక్కుతోచక చెయ్యి చేసుకున్నవాడిలా కనిపించాడట. ముందు దెబ్బ మనది కాకూడదని జీవితమంతా కుర్రాళ్లకి చెప్పి, తనే దూకుడుగా పోయానని బాధపడ్డాడు.

1957లో, 88 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. ఆయన నేర్పిన కటాలు ఇప్పటికీ దెబ్బని కాచుకోడంతోనే మొదలవుతాయి. బిగించడం నేర్చుకోడానికి నాకు వారం పట్టింది. బిగించిన పిడికిలిని ఎప్పుడు వదిలేయాలో ఆయన 80 ఏళ్లు దాటేదాకా నేర్చుకుంటూనే ఉన్నాడు.