బుస్సీ గెలిచింది పోయింది.. యానాం మిగిలింది

ఎదుర్లంక వంతెన దాటితే యానాం. గోదావరికి ఇటు కోనసీమ, అటు పుదుచ్చేరి పాలన. ఎందుకలా? జవాబు ఫ్రెంచి సేనాని బుస్సీ జీవితంలో దొరుకుతుంది.

1751లో సలాబత్ జంగ్‌ను నిజాం గద్దె ఎక్కించాడు బుస్సీ. సైన్యం జీతాల కోసం 1753లో ఉత్తర సర్కార్లు రాయించుకున్నాడు. కోనసీమ ఉన్న రాజమండ్రి సర్కారూ అందులోదే. 1757లో బొబ్బిలి కోట మీద పేలినవీ ఆయన ఫిరంగులే. మనవాళ్లు చాలామంది బుస్సీని అక్కడితో వదిలేస్తారు. అసలు కథ తర్వాతే ఉంది. 1758లో సర్వసేనాని లాలీ ఆయన్ను దక్షిణాదికి పిలిపించాడు. ఆ డిసెంబరులోనే పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఇంగ్లిషువాళ్ల చేతిలో ఓడారు. 1760లో వందవాసి యుద్ధంలో బుస్సీయే బందీగా చిక్కాడు.

1763 పారిస్ సంధి ఓ కటాఫ్ పెట్టింది. 1749 మొదట్లో ఉన్న స్థావరాలు ఫ్రాన్సుకు తిరిగొస్తాయి, తర్వాత సంపాదించినవి వదులుకోవాలి. యానాం అంతకు ముందునుంచీ వాళ్ల వర్తక స్థావరం కాబట్టి దక్కింది. బుస్సీ తెచ్చిన సర్కార్లు దక్కలేదు. 2022లో యుక్రెయిన్ విషయంలోనూ ఇలాంటి పేచీయే వచ్చింది: 1991 సరిహద్దులా, 2022 ఫిబ్రవరి 24 నాటి గీతా?

బుస్సీ 1783లో మళ్లీ సైన్యంతో వచ్చి, 1785లో పుదుచ్చేరిలోనే కన్నుమూశాడు. యానాం 1954లో మన చేతికొచ్చింది. విలీన ఒప్పందం మాత్రం 1962లో గానీ అమలు కాలేదు. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్న కుటుంబాల వారసులు పుదుచ్చేరిలో ఇప్పటికీ ఫ్రాన్సు ఎన్నికల్లో ఓటేస్తారు.