మెచ్నికోవ్ మహాశయుడు – మన పెరుగన్నం

రేపల్లె ప్రాంతంలో పెరుగన్నంతో ముగియని భోజనం భోజనమే కాదు. అయితే పదవీ విరమణ తరువాత రక్తపరీక్షలో కొలెస్టరాల్ ఎక్కువని తేలగానే మనలో కొందరు పెరుగు పూర్తిగా మానేస్తున్నారు. మరికొందరు పెరుగే మందని నమ్మి మాత్రలు మానేస్తున్నారు. ఈ రెండు తొందరపాట్లకూ జవాబు ఎలీ మెచ్నికోవ్ జీవితంలో దొరుకుతుంది.

ఆయన 1845లో నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో జన్మించారు. చిన్న వయసులోనే ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1869లో వివాహమాడిన లుద్మిలా క్షయరోగి. పెళ్ళినాడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. 1873లో ఆమె మరణించగా, ఆ దుఃఖంలో ఆయన మార్ఫిన్ మింగి ప్రాణం తీసుకోబోయి బయటపడ్డారు. రెండవ భార్య ఓల్గాకు 1880లో టైఫాయిడ్ సోకినప్పుడు, జ్వరపీడితుని రక్తం తన ఒంటిలోకి ఎక్కించుకున్నారు. అదృష్టవశాత్తు ఇద్దరూ కోలుకున్నారు.

1882లో ఇటలీలోని మెస్సినాలో నక్షత్ర చేప పిల్లలకు ముల్లు గుచ్చి చూశారు. దాని చుట్టూ కణాలు గుమిగూడాయి. మన రక్తంలోని తెల్లకణాలు రోగక్రిములను మింగివేస్తాయన్న సిద్ధాంతానికి అదే పునాది. 1888లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరారు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందారు.

ఒకనాడు బ్రతుకే వద్దనుకున్న ఆ మనిషి, పెద్ద వయసులో దీర్ఘాయువు రహస్యం వెదికారు. పేగులలో కుళ్ళు పుట్టించే క్రిముల విషాలే రక్తనాళాలను గట్టిపరుస్తాయని, పులిసిన పాలలోని క్రిములు వాటిని అణచివేస్తాయని భావించారు. బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువుకు పెరుగే కారణమని తలచి, తానూ నిత్యం పులిసిన పాలు సేవించారు. 1916లో, 71వ ఏట, గుండె జబ్బుతోనే కన్నుమూశారు.

అంతమాత్రాన ఆయన శ్రమ వృథా కాలేదు. బల్గేరియా పెరుగులోని క్రిమి మన పేగులలో స్థిరపడదని తరువాత తేలింది. కాని ఆయన వేసిన ప్రశ్న మిగిలింది. 1974లో ఆఫ్రికాలోని మసాయి పశుపాలకులపై జరిగిన పరిశోధనలో, పులిసిన పాలు బాగా తాగినవారి కొలెస్టరాల్ తగ్గినట్లు కనిపించింది. కాలేయం కొలెస్టరాల్‌తోనే పైత్యరసం తయారు చేస్తుంది. కొన్ని రకాల మేలుచేసే క్రిములు ఆ పైత్య లవణాలను విడగొట్టగా, కొంత భాగం మలంతో బయటకు పోతుంది. ఆ లోటు తీర్చడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. అయితే ఈ గుణం అన్ని క్రిములకూ ఉండదు. ఉన్నా, తగ్గుదల కొద్దిపాటిదే. ఇంట్లో తోడు పెట్టిన పెరుగులో ఏ క్రిములుంటాయో చెప్పలేము.

కనుక మిత్రులారా, మీగడ తీసిన గేదె పాలతో తోడు పెట్టిన పెరుగును మితంగా తినండి. రక్తపోటు ఉన్నవారు మజ్జిగలో ఉప్పు తగ్గించండి. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం ఆయనను అడగకుండా మానవద్దు. పెరుగు భోజనానికి తోడు, మందుకు బదులు కాదు.