మంచంపైనే ఇరవై ఏళ్లు.. ఆగని స్తోత్రం

పాంచాలంకురిచ్చి: కట్టబొమ్మన ఏలిన ఈ గడ్డకు దగ్గర్లోనే పన్నైవిళై అనే ఊరుంది. గుడికి ఇచ్చేసిన ఏడేళ్ల ప్రీనా 1901 మార్చిలో తప్పించుకుని, అక్కడికి వచ్చిన అమీ కార్మైకేల్‌ను ఆశ్రయించింది. ఐర్లండులో 1867లో పుట్టి, 1895లో మన దేశానికి వచ్చిన మిషనరీ ఆమె. ఆ పాపతో మొదలై తిరునెల్వేలి జిల్లా దోనావూరులో వందల మంది పిల్లలకు అమ్మయ్యారు. మళ్లీ స్వదేశం ముఖం చూడలేదు.

1931 అక్టోబరులో కళక్కాడులో గుంతలో పడి కాలు విరిగింది. స్వస్థత కోసం అంతా ప్రార్థించారు. నొప్పి మాత్రం తగ్గలేదు. చివరిదాకా ఎక్కువగా గదికే పరిమితమయ్యారు. బాధ లేనట్టు నటించలేదు, అలాగని దేవుణ్ని స్తుతించడం మానలేదు. పిల్లల్ని పిలిపించుకుని మాట్లాడేవారు, చీటీలు రాసేవారు. తనలాంటి రోగుల కోసం రాసిన పుస్తకం 1933లో వెలువడింది.

కష్టం తీరాకే కృతజ్ఞత చెబుదామని చాలామంది ఆగుతారు. అమీ ఆగలేదు. తెల్లారితే చాలు, అదే స్తోత్రానికి కారణం.

1951 జనవరి 18న కన్నుమూశారు. సమాధిపై రాయి వద్దన్నారు. పిల్లలు పక్షులు నీళ్లు తాగే తొట్టి పెట్టి, దానిపై అమ్మై అని మాత్రం చెక్కించారు.